ఇంకా విరగని బోల్టులు

సువార్తకు చిన్నప్పటి నుంచీ భయం ఎక్కువ. మడకశిర పక్కన ఒక పల్లెలో పుట్టింది. నాయన బస్టాండులో మూటలు మోసేవాడు. ఆయన బియ్యం మూటతో బస్సు టాపు మీదికి నిచ్చెనెక్కుతుంటే, కింద నిలబడి ఈ పిల్ల కళ్లు మూసుకునేది. ఆయన ఒక్కసారి కూడా పడలేదు. అయినా ప్రతిసారీ పడతాడనే అనుకునేది.

హాస్టళ్లలో ఉండి చదువుకుంది. అనంతపురంలో స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీ చేసింది. ఒక ప్రైవేటు కాలేజీలో నాలుగేళ్లు పాఠాలు చెప్పి, ఆ కాలేజీ మూతపడ్డాక ముప్పై ఒకటో ఏట గాలిమరల కంపెనీలో కాంట్రాక్టు ఉద్యోగంలో చేరింది. యాడికి అనే ఊరు దాటి కొంత దూరం పోతే నల్లమెట్ట అని ఒక గుట్ట ఉంది. దాని మీద అరవై గాలిమరలు. మెట్ట కిందనే రేకుల కప్పున్న ఆఫీసు. పైకెక్కి పనిచేసే మెకానిక్కులు నింపి ఇచ్చే కాగితాలను కంప్యూటరులోకి ఎక్కించడం, ఏ భాగం ఎన్నాళ్లు నిలుస్తుందో ఏడాదికొకసారి లెక్కగట్టి రిపోర్టు పంపడం ఆమె పని. తల్లిని తెచ్చుకుని యాడికిలో ఒక గది అద్దెకు తీసుకుంది.

మొదటి సంవత్సరం రిపోర్టు సులువుగానే అయిపోయింది. గాలిమరకు మూడు రెక్కలు. ఒక్కో రెక్కను నలభై ఎనిమిది బోల్టులు పట్టుకుని ఉంటాయి. మెట్ట మొత్తం మీద ఎనిమిది వేలకు పైగా బోల్టులు. ఏడేళ్లలో విరిగినవని రాసినవి పదకొండే. సర్వీసులో మార్చినవి ఆరు వందల చిల్లర. మిగతావన్నీ ఇంకా పనిచేస్తున్నాయి. కంపెనీ ఇచ్చిన సూత్రంలో వేస్తే, పదిలో తొమ్మిది బోల్టులు ముప్పై ఏళ్లు నిలుస్తాయని వచ్చింది. సైట్ మేనేజరు విజయభాస్కర్ సంతోషపడ్డాడు. ఆ రిపోర్టు చూసి పైవాళ్లు ఒక నిర్ణయం తీసుకున్నారు. అంతవరకు ఆరు నెలలకొకసారి జరిగే బోల్టుల తనిఖీని పద్దెనిమిది నెలలకు మార్చారు.

ఆ ఉత్తరువును సువార్త రెండుసార్లు చదివింది. తన రిపోర్టు మీద అంత పెద్ద నిర్ణయం ఆధారపడుతుందని ఆమె అనుకోలేదు. కాగితాలన్నీ మళ్లీ ముందేసుకుంది. సర్వీసులో మార్చిన ఆరు వందల బోల్టుల్ని సంవత్సరాల వారీగా విడగొట్టి చూసింది. మొదటి ఏడాది తొమ్మిది మార్చారు. రెండో ఏడాది ఇరవై. పోయిన ఏడాది రెండు వందల పైన. బోల్టులు ముదిరేకొద్దీ మార్పిడి పెరుగుతోంది. బాగున్నవాటిని ఎవరైనా ఇట్లా ఎందుకు మారుస్తారు?

మధ్యాహ్నం అన్నం తినే వేళ సర్ఫరాజ్ దగ్గరికి పోయి అడిగింది. సర్ఫరాజ్ మెకానిక్కుల మేస్త్రీ. యాభై దాటిన మనిషి. మెట్ట మీద మొదటి గాలిమర నిలబెట్టిన రోజు నుంచి ఉన్నాడు.

"మంచి బోల్టుల్ని ఎందుకు మారుస్తారన్నా?"

"మంచివని ఎవురు చెప్పినారమ్మా నీకు?"

"మీరే గదన్నా రాసినారు, సర్వీసులో మార్చినాం అని."

సర్ఫరాజ్ క్యారియర్ మూత పెట్టేశాడు. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "సుత్తితో కొడితే ఖంగుమని పలకల్ల. బొద్దుగా పలికిందంటే లోపల పగులు ఉండాదని అర్థం. అట్లాంటిది కనపడితే తీసి వేరేది బిగిస్తాం. విరిగింది, పగిలింది అని రాసినామనుకో, గాలిమర ఫ్యాను నిలిపేస్తారు, పైనుంచి మెయిలు మీద మెయిలు. మీరు సరిగా బిగించలేదని మా మీదికే వస్తాది. పోయినేడు ఇద్దరు పిల్లోళ్లను తీసేసినారు. అందుకని సర్వీసులో మార్చినాం అని రాస్తాండాం. బోల్టు మారింది గదా, ఎవురికేం నష్టం?"

సువార్త కట్టిన లెక్కలో ఒక మెలిక ఉంది. బాగున్న బోల్టును తీసేస్తే, దాని గురించి తెలిసేది సగం మాటే: ఫలానా తేదీ దాకా విరగలేదు, ఆ తర్వాత ఇంకెంత కాలం ఉండేదో తెలియదు. ఉండనిస్తే చాలాకాలం ఉండేదేమోనని సూత్రం అనుకుంటుంది. రేపో మాపో విరిగేదాన్ని కూడా అదే గడిలో రాస్తే, చావుబతుకుల్లో ఉన్న మనిషిని ఆరోగ్యవంతుల జాబితాలో రాసినట్టే. ఆరు వందల సార్లు అట్లా రాశారు. దాన్ని నమ్మి ఆమె ముప్పై ఏళ్లని చెప్పింది. ఇప్పుడు ఆ సుత్తి దెబ్బ పద్దెనిమిది నెలల వరకు పడదు.

"ఈ మాట మేనేజరు సారుకు చెప్తావా అన్నా?"

"నేను చెప్తే నా కింద పద్నాలుగు మంది ఇంటికి పోతారు. నన్ను అడగొద్దమ్మా."

ఆ రోజు బస్సెక్కడానికి బయటికి వచ్చినప్పుడు మెట్ట వైపు చూసింది. ఆ మెట్ట మీద చెట్టనేది లేదు. బోదగడ్డి, ముళ్లకంప, నల్లరాళ్లు. ఎండాకాలం పగటిపూట అక్కడ ఉన్న ఒకే ఒక నీడ గాలిమర స్తంభం నీడ. పాపన్న అనే గొర్రెల కాపరి తన మందను ఆ నీడలో వరసగా నిలబెట్టి, తానూ స్తంభానికి వీపు ఆనించి కూర్చుంటాడు. నీడ జరిగేకొద్దీ గొర్రెలూ జరుగుతాయి. తల పైన నాలుగు టన్నుల రెక్క తిరుగుతూ ఉంటుంది. ఇంతకాలం ఆ దృశ్యం ఆమెకు బాగా అనిపించేది. ఆ రోజు బస్సు వచ్చేదాకా ఆమె రెక్కలనే చూస్తూ నిలబడింది.

చేతిలో సాక్ష్యం లేదు. తీసేసిన బోల్టులన్నీ ఎప్పుడో పాత ఇనుములోకి పోయాయి. సర్ఫరాజ్ నోరు విప్పడు. అప్పుడామె తనకు తెలిసిన ఒకే పని చేసింది. కంప్యూటరులో ఒక దొంగ మెట్టను తయారు చేసింది.

అందులోనూ అరవై గాలిమరలు, అన్నే రెక్కలు, అన్నే బోల్టులు. కంప్యూటరు చేత పాచికలు వేయించి ఒక్కో బోల్టుకు ఆయుష్షు రాయించింది. ఏది ఏ రోజు విరుగుతుందో ఈ మెట్టలో ఆమెకు ముందే తెలుసు. ఆ తర్వాత తెలిసినదాన్ని దాచడం మొదలుపెట్టింది. ఇంకా విరగని వాటి తేదీలను చెరిపేసి, ఈనాటి దాకా బాగుంది అని మాత్రం ఉంచింది. మెకానిక్కులు ఏ పగులూ చూడకుండా అక్కడొకటి ఇక్కడొకటి మార్చినట్టు పెట్టి, కంపెనీ సూత్రాన్ని నడిపింది. సూత్రం సరైన ఆయుష్షే చెప్పింది. సూత్రంలో తప్పు లేదు.

రెండోసారి, సర్ఫరాజ్ చెప్పినట్టు చేసింది. విరగబోయే బోల్టును ముందే పట్టుకుని తీసేసి, బాగున్నదాన్ని మార్చినట్టు రాసింది. పదిలో తొమ్మిది బోల్టులు ఎనిమిదేళ్లే నిలిచేటట్టు ఆమె రాసి పెట్టిన మెట్ట అది. సూత్రం ముప్పై ఏళ్లంది. వెయ్యిసార్లు నడిపింది. ఇరవై ఎనిమిది, ముప్పై ఒకటి, ముప్పై. ఒక్కసారి కూడా ఎనిమిది దగ్గరికి రాలేదు. పైగా ఆ దొంగ మెట్టలో పుట్టిన కాగితాలు నిజం కాగితాల్లాగే ఉన్నాయి. విరిగినవి పది పన్నెండు, మార్చినవి ఆరు వందల చిల్లర.

ఆపేద్దామా అనుకుంది. ఆపలేదు. చివరి ప్రశ్న వేసింది: తనిఖీ పద్దెనిమిది నెలలకొకసారి అయితే, వచ్చే గాలి కాలంలో ఏ రెక్కకైనా పక్కపక్క బోల్టులు విరిగి రెక్క ఊడిపోతుందా? వెయ్యి మెట్టల్లో మూడు వందల డెబ్భై మెట్టల మీద ఊడింది. దాదాపు అన్నీ మొదటి వరసలో. ఒకటి నుంచి ఇరవై నంబర్ల దాకా, అన్నిటికంటే పాతవి. ఆషాఢం గాలి మొదలు కావడానికి అయిదు వారాలుంది.

మరునాడు పొద్దున ఆ కాగితాలు విజయభాస్కర్ ముందు పెట్టింది. మేస్త్రీ పేరు ఎత్తలేదు. మేనేజరు చెడ్డవాడేమీ కాదు. ఓపికగా అన్నీ చదివాడు.

"ఈ మెట్ట నువ్వే పుట్టించినావు. ఈ బోల్టులకు ఆయుష్షు నువ్వే రాసినావు. రెక్కలు కూడా నువ్వే విరగ్గొట్టినావు. ఇది చూపించి అసలు ఫ్యాన్లు నిలపమని పైవాళ్లను నేనెట్ల అడిగేది సువార్తా?"

"నిలపొద్దు సార్. ఒక్కదాన్ని తనిఖీ చేయించండి చాలు."

"తనిఖీ వద్దని ఉత్తరువొచ్చింది గదా. అదీ నీ రిపోర్టు చూసే." ఆయన కాగితాలు తిరిగి ఇచ్చేశాడు. "పగిలిన బోల్టు ఒక్కటి తెచ్చి నా టేబుల్ మీద పెట్టు. అప్పుడు చూద్దాం."

ఆమె నేరుగా మెట్ట ఎక్కింది. పద్నాలుగో నంబరు స్తంభం నీడలో పాపన్న బీడీ ముట్టించుకుంటున్నాడు.

"మామా, ఈడ కూర్చోవద్దు. ఈ వరసలో దేని కిందా వద్దు."

"ఏమ్మా, కంపెనీవోళ్లు వద్దన్నారా?"

"కంపెనీ కాదు, నేనే చెప్తాండా. ఇవి పాతబడినాయి. రెక్క పడేటట్టుంది."

పాపన్న తల ఎత్తి చూశాడు. రెక్క హూమంటూ కిందికి వచ్చి పైకి పోయింది. "ఈడ కాకుంటే ఇంగ యాడ నీడ ఉండాది తల్లీ? జీవాలు ఎండకు కూలబడిపోవా?"

సువార్త ఒక్క క్షణం ఆలోచించింది. దొంగ మెట్టలో నలభై పైన నంబర్లున్న వరస వెయ్యికి మూడు నాలుగు సార్లకు మించి పడలేదు. "నలభైల వైపు పో మామా. అవి కొత్తవి."

అతను ఇంకేమీ అడగలేదు. తువ్వాలు భుజాన వేసుకుని మందను లేపాడు.

ఆ వారమంతా ఆమెకు అన్నం సయించలేదు. ఆఫీసులో ఫోను మోగితే లేచి నిలబడేది. కిటికీలోంచి మొదటి వరసను లెక్కపెట్టేది, ఇరవై ఉన్నాయా అని. తల్లి అడిగితే తలనొప్పి అంది. నాలుగో రోజున సర్ఫరాజ్ ఆమె టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"పాపన్న చెప్పినాడు. నువ్వు వాన్ని మొదటి వరస కింద నుంచి పంపించినావంట."

"అవునన్నా."

"మా వాళ్లు రోజూ ఆ వరసలోనే ఎక్కుతాండారు. వాళ్లకు చెప్పలేదే?"

ఆమె తల వంచుకుంది. సర్ఫరాజ్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఏ లెక్క చూసి అట్లా చెప్పిందో చూపించమన్నాడు. వెయ్యి మెట్టల్ని ఒక్కొక్కటిగా కాదుగానీ, పది పన్నెండింటిని చూశాడు. పద్నాలుగు పడింది. ఆరు పడింది. పడలేదు. పడలేదు. పద్నాలుగు మళ్లీ పడింది.

"రేపు పొద్దున గాలి తక్కువ ఉంటాది. నేను ఎక్కుతా," అన్నాడు. "సారుకు నేనే చెప్తా, గ్రీజు పని ఉండాదని."

మరునాడు ఎనిమిది గంటలకు పద్నాలుగో నంబరు నిలిపారు. సర్ఫరాజ్ బెల్టు బిగించుకుని, బిస్మిల్లా అని స్తంభం లోపలి నిచ్చెన పట్టుకున్నాడు. సువార్త కింద వాకీటాకీతో, ఒక పలకకు బిగించిన కాగితంతో నిలబడింది. కాగితం మీద ఒక రెక్క బోల్టులకు నలభై ఎనిమిది గళ్లు. అతను పైకి చేరడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలూ ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి.

వాకీటాకీ గరగరలాడింది. "ఒకటి, మంచిది. రెండు, మంచిది." సుత్తి చప్పుడు కూడా సన్నగా వినిపిస్తోంది. పదకొండు దాకా అన్నీ మంచివే. తాను పొరపాటు పడిందేమోనని మొదటిసారి ఆశ పుట్టింది. అట్లా అయితే ఎంత బాగుండునో!

"పన్నెండు, బొద్దు."

రాసింది.

"పదమూడు, బొద్దు. పద్నాలుగు..." చప్పుడు ఆగిపోయింది.

"అన్నా? సర్ఫరాజన్నా?"

చాలాసేపు గరగర తప్ప ఏమీ లేదు. ఆమె స్తంభానికి చెయ్యి ఆనించింది. స్తంభం ఇనుము లోపల ఏదో కదిలినట్టు, పైన గాలి లేచినట్టు అనిపించింది.

"పద్నాలుగు లేదమ్మా," అన్నాడు చివరికి. "తల ఊడి నా చేతిలోకొచ్చింది. పదహైదు కూడా ఊగుతాండాది."

"దిగన్నా. ఇంక కొట్టొద్దు. దిగు."

"మిగతావి చూడొద్దా?"

"వద్దు. నీకు దండం పెడతా, దిగు."

అతను దిగేంతవరకు ఆమె రెక్క మీద నుంచి కళ్లు తిప్పలేదు, తన చూపే దాన్ని పట్టుకుని ఉన్నట్టు. కిందికి వచ్చాక సర్ఫరాజ్ నేల మీద చతికిలబడి, జేబులోంచి బోల్టు తల తీసి ఆమె చేతిలో పెట్టాడు. విరిగిన చోట సగం తుప్పు పట్టి ఉంది, సగం తళతళలాడుతోంది. సగం ఎప్పుడో పగిలిపోయి, మిగతా సగం నిన్నమొన్న తెగిందన్నమాట.

విజయభాస్కర్ టేబుల్ మీద దాన్ని పెట్టింది సర్ఫరాజే. ఏడేళ్లుగా ఏమి చేశారో, ఏమి రాశారో తన నోటితోనే చెప్పాడు. మేనేజరు పైవాళ్లను అడగకుండానే మొదటి వరస ఇరవైనీ నిలిపించాడు. రెండు వారాల తనిఖీలో తొంభై పగిలిన బోల్టులు బయటపడ్డాయి. మెకానిక్కుల్లో ఎవరినీ తీసేయలేదు. కాగితంలో కొత్త గడి ఒకటి చేర్చారు: తీసేటప్పుడు ఎట్లా పలికింది.

సువార్త ఆ వారం కడుపు నిండా తిన్నది.

ఆషాఢం గాలి వచ్చింది. మూడో వారంలో ఒక మధ్యాహ్నం మెట్ట వైపు నుంచి పెద్ద చప్పుడు వినిపించింది, రాళ్ల లారీని ఒక్కసారిగా కుమ్మరించినట్టు. అందరూ బయటికి పరుగెత్తారు. మొదటి వరసలో ఇరవై స్తంభాలూ కదలకుండా ఉన్నాయి. దుమ్ము లేచింది అవతలి వైపు నుంచి. నలభై ఒకటో నంబరుకు రెండే రెక్కలు ఉన్నాయి.

సువార్తకు పరుగెత్తుతున్నప్పుడు తెలిసినది ఒక్కటే: పాపన్నను అక్కడికి పంపింది తాను.

అతను బతికాడు. పైన కీచుమని చప్పుడు కాగానే గొర్రెలు బెదిరి చెదిరాయట. వాటి వెంట పడ్డాడు. రెక్క నేలకు తగిలి ముక్కలై, ఒక ముక్క అతని కుడి భుజాన్ని నుజ్జు చేసింది. తొమ్మిది గొర్రెలు చచ్చిపోయాయి.

మూడు రోజుల తర్వాత అనంతపురం ఆస్పత్రికి పోయింది. మంచం పక్కన పాపన్న భార్య బయమ్మ కూర్చుని ఉంది. సువార్త లోపలికి పోయి నిలబడింది.

"మామా, ఆ వైపు పొమ్మన్నది నేనే."

"నువ్వు చెప్పకపోయింటే ఆ పద్నాలుగు కిందనే ఉందును గదా," అన్నాడు పాపన్న, కళ్లు సగం తెరిచి. "ఆడ ఉన్నింటే పోయిందును."

అవునని ఊరుకుంటే సరిపోయేది. సువార్త ఊరుకోలేకపోయింది. "లేదు మామా. పద్నాలుగును నిలిపేసినాం. అది పడలేదు. నలభైల వైపు నుంచి వచ్చేయమని నీకు చెప్పల్ల. నేను మరిచిపోతి."

బయమ్మ లేచి నిలబడింది. "నీ లెక్కలు నీ కాడనే పెట్టుకో అమ్మీ. మా మీద వేయొద్దు. పో ఈన్నుంచి."

రాజీనామా రాసుకుని ఆఫీసుకు వచ్చింది. సర్ఫరాజ్ ఆ కాగితం చదివి మడిచి ఆమె చేతికే ఇచ్చాడు. "నలభై ఒకటి కొత్తది గదా. ఎందుకు పడిందో తెలుసుకోకుండా ఎట్ల పోతావు?"

పాత ఫైళ్లు వెతికితే తెలిసింది. రెండేళ్ల కింద పిడుగుపాటుకు ఆ గాలిమర రెక్క ఒకటి పాడైంది. ఇంకో ఊరి నుంచి పన్నెండేళ్లు తిరిగిన పాత రెక్కను బోల్టులతో సహా తెచ్చి బిగించారు. బిగించిన తేదీనే పుట్టిన తేదీగా రాశారు. ఆమె దొంగ మెట్టలో అది రెండేళ్ల పసిది. అట్లాంటి రెక్కలు ఇంకా అయిదు ఉన్నాయి. అన్నింటినీ నిలిపించారు. రెండింటిలో పగిలిన బోల్టులు దొరికాయి.

కంపెనీ పాపన్నకు పరిహారం ఇచ్చింది. చెయ్యి మాత్రం భుజం పైకి లేవదు. మందను ఇప్పుడు బయమ్మ తోలుతోంది. సువార్త రాజీనామా ఇవ్వలేదు. అయితే ఆ పని ఆమెకు మునుపటిలా లేదు. పనిచేస్తున్నాయి అని కంప్యూటరు చూపే వేల బోల్టుల వరసను చూసినప్పుడల్లా, ఇంకా విరగలేదు అని చదువుకుంటుంది. ఒక్కొక్క దాని పుట్టుక ఎక్కడో, ఇంతకు ముందు ఏ రెక్కలో ఉందో ఫోన్లు చేసి అడుగుతుంది. మిగతావాళ్లు విసుక్కుంటారు.

మరుసటి ఏడాది గాలి మొదలయ్యే ముందు బయమ్మ మందతో ఆఫీసు గేటు దగ్గరికి వచ్చింది. లోపల సువార్త ఉన్నా ఆమె వైపు చూడలేదు.

"ఏమప్పా సర్ఫరాజూ, ఈ తూరి జీవాల్ని ఏ ఫ్యాను కింద పెట్టుకోవల్ల? నిన్ను అడుగుతాండా, ఆ పిల్లను గాదు."

"నేనైనా పోయి ఆ పిల్లనే అడగల్ల అక్కా," అన్నాడు సర్ఫరాజ్.

సువార్త బయటికి వచ్చింది. "ఏ ఫ్యాను కిందా వద్దు అత్తా. ఎండిన వాగువంక అవతల తుమ్మచెట్లు ఉండాయి, ఆడికి తోలుకుపో."

"తుమ్మ నీడ ఇన్ని జీవాలకు యాడ చాలుతాది?"

"చాలదు," అంది సువార్త.

బయమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. ఏదో గొణుక్కుంటూ కర్ర తిప్పి మందను వంక వైపు మళ్లించింది. చివరి గొర్రె వంక దాటేంతవరకు సువార్త గేటు దగ్గరే నిలబడి, ఆ తర్వాత లోపలికి పోయింది.